జ్వరం తగ్గాక నరాల సంగతి: కోవిడ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కోవిడ్ వచ్చి తగ్గిన తరువాత నరాలకు, మెదడుకు సంబంధించిన బాధల గురించి ఉభయ గోదావరి జిల్లాల నుంచి, కోనసీమ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానమిస్తున్నాను. ఉత్తరాలన్నీ చదివాక ఒక మాట ముందుగానే చెప్పాలనిపించింది. బాధ ఎలా ఉందో అందరూ వివరంగా రాశారు గాని, జ్వరం ఎప్పుడు వచ్చింది, ఆ తరువాత ఎన్నాళ్లకు ఈ బాధ మొదలైంది అన్నది రాసినవారు తక్కువ. కరోనా వైరస్ నరాలను దెబ్బతీసే మార్గాలు పలు విధాలు. ఒక్కొక్క మార్గానికి ఒక్కొక్క కాలవ్యవధి ఉంటుంది. అందుచేత వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఆ తేదీలను కూడా ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి.

ప్రశ్న: 2021 మే నెలలో మా ఇంటిల్లిపాదికీ కోవిడ్ వచ్చింది. నాకు జ్వరం రెండు రోజులే ఉంది గాని వాసన పూర్తిగా పోయింది. కొన్ని నెలలకు తిరిగి వచ్చింది, కాని తప్పుగా వస్తోంది. ఉల్లిపాయలు వేగుతున్నా, కాఫీ కాస్తున్నా ఏదో కాలిన కంపు కొట్టి కడుపులో తిప్పుతుంది. ఇప్పటికీ పూర్తిగా సర్దుకోలేదు. మేము పచ్చళ్లు పెట్టి అమ్ముతాము. నా ముక్కును నమ్మలేక మా కోడలి చేత వాసన చూపించి సీసాలకు ఎత్తుతున్నాను. వైరస్ ముక్కులోంచి మెదడులోకి వెళ్లిపోయిందా డాక్టరు గారూ?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీరు భయపడుతున్నట్లు జరిగి ఉండదు. ముక్కు లోపల బాగా పైన, వాసనను పసిగట్టే సన్నని పొర ఒకటి ఉంటుంది. అందులో వాసనను గ్రహించి మెదడుకు చేరవేసే నాడీకణాలతో పాటు, వాటిని ఆనుకొని వాటి పోషణ చూసే ఆధారకణాలు కూడా ఉంటాయి. కరోనా వైరస్ ఒక కణంలోకి ప్రవేశించాలంటే ఆ కణం మీద ఏసీఈ2 అనే ప్రోటీన్ ఉండాలి. అది ఆధారకణాల మీద ఉంది, వాసన నాడీకణాల మీద దాదాపు లేదు. అంటే వైరస్ చంపినది ముఖ్యంగా ఆధారకణాలను. ఆ ఆసరా పోయేసరికి నాడీకణాలు పని మానేశాయి. ముక్కు దిబ్బడ గాని, జలుబు గాని లేకుండానే ఉన్నట్టుండి వాసన మాయమైపోవడానికి కారణం ఇదే. ఆధారకణాలు త్వరగా మళ్లీ పుడతాయి కాబట్టి ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే వాసన తిరిగి వచ్చింది.

మీ వంటి కొందరిలో మాత్రం వాపు తీవ్రమై నాడీకణాలు కూడా నశిస్తాయి. పెద్దవారి శరీరంలో మళ్లీ పుట్టగలిగే నాడీకణాలు చాలా అరుదు. వాసన కణాలు అటువంటి అరుదైన వాటిలో ఉన్నాయి. అయితే కొత్తగా పుట్టిన కణం తన పోగును మెదడు ముందుభాగంలోని వాసన కేంద్రం దాకా పెంచుకొని, సరైన చోటనే కలుపుకోవాలి. కొన్ని రకాల కణాలే తిరిగి వచ్చినప్పుడు, లేదా కలవవలసిన చోట కాక పక్కన కలిసినప్పుడు, మెదడుకు అందే సమాచారం అరకొరగా ఉండి, తెలిసిన వాసనే దుర్వాసనగా తోస్తుంది. కాఫీ, వేయించిన ఉల్లి, వెల్లుల్లి, కోడిమాంసం, గుడ్డు అనే ఈ పదార్థాలనే అన్ని దేశాల రోగులూ చెబుతున్నారు. వాటిలో అతి కొద్ది మోతాదులోనే ముక్కును తాకే కొన్ని గంధకపు అణువులు ఉండడం దీనికి ఒక కారణం. తప్పు వాసన రావడం బాధాకరమే అయినా, ఏ వాసనా రాకపోవడం కంటె అది మెరుగైన దశ అని నేను భావిస్తాను. కణాలు తిరిగి మొలుస్తున్నాయనడానికి అది గుర్తు.

మెదడుకు అసలేమీ కాదని మాత్రం అనలేను. బ్రిటన్‌లో 51 నుంచి 81 ఏళ్ల వయసున్న 785 మందికి కోవిడ్‌కు ముందు ఒకసారి, తరువాత ఒకసారి మెదడు స్కాన్ తీశారు. వారిలో మధ్యకాలంలో కోవిడ్ సోకిన 401 మందిలో, వాసనతో సంబంధమున్న మెదడు భాగాలు మిగిలినవారి కంటె కొద్దిగా ఎక్కువ పలచబడినట్లు 2022లో ప్రకటించారు. ఆ తేడా సగటున 0.2 శాతం నుంచి 2 శాతం వరకు మాత్రమే. వాసన సమాచారం అందకపోవడం వల్ల ఆ భాగాలు అలా తగ్గి ఉండవచ్చు. వైరస్ అక్కడ కాపురం పెట్టిందనడానికి అది రుజువు కాదు.

చేయవలసిన చికిత్స చవకైనది, కాని ఓపిక కావాలి. జర్మనీ వైద్యులు 2009లో ప్రచురించిన వాసన సాధనలో గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి అనే నాలుగు వాసనలు వాడారు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, ఒక్కొక్క దానిని పది ఇరవై సెకన్ల పాటు నెమ్మదిగా పీలుస్తూ, ఆ వాసన పూర్వం ఎలా ఉండేదో మనసులోకి తెచ్చుకోవాలి. కనీసం మూడు నెలలు మానకుండా చేయాలి. మీ వంటి పాత కేసుల్లో ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. కడియం నర్సరీల్లో దొరికే పెద్ద గులాబీల్లో చాలా రకాలకు రంగే గాని పరిమళం ఉండదు, కనుక సువాసన గల నాటు గులాబీనే ఎంచుకోండి. స్టెరాయిడ్ మాత్రలు మింగితే వాసన వస్తుందని ఎవరైనా చెబితే వినవద్దు. దానికి గట్టి ఆధారం లేదు, షుగరు మాత్రం పెరుగుతుంది. వంటగదిలో గ్యాస్ లీకయినా, కూర పాడైనా మీకు తెలియకపోవచ్చు కాబట్టి కోడలి ముక్కును నమ్ముకోవడం మంచి పనే.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. రొయ్యల చెరువులు చేస్తాను. పదేళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. 2021లో కోవిడ్ వచ్చి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, స్టెరాయిడ్లు ఇచ్చారు. ఈ ఏడాది నుంచి రెండు అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రిళ్లు మంటలు. కోవిడ్ నరాలను తినేసిందని మా ఊరి డాక్టరు గారు చెప్పి, వారానికొక బలం ఇంజెక్షన్ చేస్తున్నారు.
— ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: తేదీలు ఎందుకు ముఖ్యమో మీ ఉత్తరం చెబుతోంది. తీవ్రమైన కోవిడ్‌తో ఐసీయూలో ఎక్కువ కాలం ఉన్నవారికి కాళ్లూ చేతుల నరాలు, కండరాలు చచ్చుబడిన మాట నిజమే. ఆక్సిజన్ అందడం కోసం గంటల తరబడి బోర్లా పడుకోబెట్టినప్పుడు భుజం దగ్గర, మోచేతి దగ్గర నరాలు నలిగి చేతులు పడిపోయినవారు కూడా ఉన్నారు. కాని ఆ బాధలన్నీ ఆసుపత్రిలో ఉండగానే మొదలై, తరువాతి నెలల్లో క్రమంగా తగ్గుముఖం పడతాయి. నాలుగేళ్లు ఏమీ లేకుండా ఉండి, ఇప్పుడు రెండు పాదాల్లో సమానంగా, వేళ్ల చివర నుంచి పైకి పాకుతున్న తిమ్మిరికి మొదటి అనుమానం పదేళ్ల షుగరు మీద పెట్టాలి, కోవిడ్ మీద కాదు. రెండవ అనుమానం మెట్‌ఫార్మిన్ మీద. అది మంచి మందే, మానవద్దు. అయితే ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గిపోతుంది, దాని వల్ల కూడా ఇవే తిమ్మిర్లు వస్తాయి.

మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష, బి12, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించండి. బి12 నిజంగా తక్కువ ఉంటే ఇంజెక్షన్లు అవసరమే; ఎంతకాలం, ఏ మోతాదులో అన్నది లెక్క ప్రకారం జరగాలి. పరీక్ష లేకుండా వారం వారం బలం పేరుతో పొడిచే ఇంజెక్షన్ల మీద నాకు గౌరవం లేదు. మద్యం అలవాటు ఉంటే అది కూడా వైద్యునికి దాచకుండా చెప్పండి. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని మచ్చ ఉందేమో చూపించుకోండి, ఎందుకంటే కుష్ఠువ్యాధి మన ప్రాంతంలో పూర్తిగా పోలేదు, అది పూర్తిగా నయమయ్యే జబ్బు. చెరువు గట్టు మీద, వలలు లాగేటప్పుడు చెప్పులు లేకుండా తిరగడం ఈ రోజు నుంచే మానండి. స్పర్శ తగ్గిన పాదానికి గవ్వ గీసుకున్నా తెలియదు, ఆ చిన్న గాయమే షుగరు ఉన్నవారికి కాలు మీదికి తెస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకొక మాట. 2021లో షుగరు ఉండి స్టెరాయిడ్లు వాడినవారిని పట్టుకున్న బ్లాక్ ఫంగస్ ముక్కు పక్క గదుల్లో మొదలై, కంటి వెనుక నుంచి మెదడుకు పాకింది. అది కరోనా వైరస్ చేసిన పని కాదు, బూజు చేసిన పని. అది వారాల్లోనే ముదిరే జబ్బు గనుక, ఇన్నేళ్ల తరువాత మీకు ఆ భయం అక్కరలేదు.

ప్రశ్న: మా కోళ్లకు ఐబీ టీకా వేస్తాము. అది కూడా కరోనా జాతి వైరస్సే అంటారు. మా షెడ్డులో కొన్ని కోళ్లకు మెడ వంకర తిరిగింది. ఇది కరోనా నరాలకు ఎక్కడమేనా? మాకు అంటుతుందా?
— ఒక కోళ్ల రైతు, తణుకు

జవాబు: ఐబీ, అనగా కోళ్లకు వచ్చే అంటు శ్వాసరోగం, కరోనా వైరస్ వల్ల వచ్చేదే. దానిని అమెరికాలో 1931లోనే వర్ణించారు. అది గొంతును, మూత్రపిండాలను, గుడ్ల దిగుబడిని దెబ్బతీస్తుంది గాని మెడను తిప్పదు, మనుషులకు అంటదు. మెడ వంకర తిరిగితే ముందు అనుమానించవలసినది కొక్కెర తెగులును; అది వేరే జాతి వైరస్. వెంటనే పశువైద్యునికి చూపించండి. నరాలకు ఎక్కే కరోనా వైరస్‌లు జంతువుల్లో లేకపోలేదు. పందిపిల్లల్లో ఒక రకం ముక్కు నుంచి, పేగు నుంచి నరాల వెంబడే మెదడుకు చేరి, వాంతులతో చిక్కి శల్యమయ్యేలా చేస్తుంది. ఎలుకల్లో ఇంకొకటి నరాల పైపొరను ఊడగొడుతుంది. 1949 నుంచి పరిశోధకులు దానిని అధ్యయనం చేస్తున్నారు. కోవిడ్ రాగానే నరాల వైద్యులు మెదడు గురించి అంత త్వరగా ఆందోళన పడడానికి ఈ పాత అనుభవం ఒక కారణం.

ప్రశ్న: మాది లంక గ్రామం. మా నాన్నగారికి 67 ఏళ్లు, బీపీ ఉంది. కోవిడ్ జ్వరం వచ్చిన తొమ్మిదో రోజున తెల్లవారుజామున మూతి ఒక పక్కకు లాగి, కుడి చెయ్యి పడిపోయింది. నీరసమనుకొని సెలైన్ పెట్టించాము. మధ్యాహ్నానికి పడవ దాటించి పట్నం తీసుకెళ్లేసరికి ఆలస్యమైందన్నారు. ఊపిరితిత్తుల జబ్బు పక్షవాతం ఎలా తెస్తుంది? మళ్లీ వస్తుందా?
— ఒక పాఠకుడు, పి. గన్నవరం మండలం

జవాబు: కోవిడ్ ఊపిరితిత్తుల్లో మొదలైనా, తీవ్రమైతే రక్తనాళాల జబ్బుగా మారుతుంది. రక్తనాళాల లోపలి గోడ వాచి గరుకవుతుంది. గట్టు దెబ్బతిన్న చోట కాలువలో గుర్రపుడెక్క పేరుకున్నట్లు అక్కడ రక్తం గడ్డకడుతుంది. వైరస్ వల్ల శరీరంలో పుట్టే వాపు రక్తం గడ్డకట్టే గుణాన్ని మరింత పెంచుతుంది. ఆ గడ్డ మెదడు నాళంలో అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. చైనాలోని వూహాన్‌లో 2020 ఆరంభంలో ఆసుపత్రుల్లో చేరిన 214 మందిని పరిశీలించినప్పుడే, తల తిరగడం, తలనొప్పి మొదలుకొని పక్షవాతం వరకు ఏదో ఒక నరాల లక్షణం 36.4 శాతం మందిలో కనబడింది. చనిపోయినవారి మెదడును పరీక్షించినప్పుడు కూడా ఎక్కువగా కనబడినది వైరస్ గుంపులు కాదు, చిన్న రక్తనాళాల గోడలు చెడిపోవడం, వాటి చుట్టూ వాపు.

ఈ ప్రమాదం కోవిడ్ సోకిన మొదటి రెండు వారాల్లో అత్యధికంగా ఉండి, తరువాత తగ్గుతూ వస్తుంది. మీ నాన్నగారికి తొమ్మిదో రోజున రావడం ఆ లెక్కకు సరిపోతుంది. ఇప్పుడు మళ్లీ వస్తుందా లేదా అన్నది కోవిడ్ కంటె బీపీ, షుగరు, పొగతాగడం, గుండె లయ తప్పడం అనే వాటి మీద ఆధారపడి ఉంటుంది. బీపీ మాత్రలు, వైద్యులు రాసిన రక్తం పలచబడే మందు ఒక్క పూట కూడా మానకూడదు.

మీ ఊరివారందరి కోసం ఇది రాస్తున్నాను. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం అనే వాటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనబడినా, ఆ నిమిషం గడియారం చూడాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేయాలంటే లక్షణం మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, దానికి ముందు తల స్కాన్ తీయాలి. 108కి ఫోన్ చేసేటప్పుడే రేవులో పట్నం వైపు ఒడ్డుకు బండి రప్పించుకొని, అదే సమయంలో పడవ సిద్ధం చేసుకోండి. సెలైన్ పెట్టడం, నాలుక కింద బీపీ మాత్ర వేయడం, నోట్లో నీళ్లు పోయడం వంటివి చేయవద్దు. స్కాన్ తీయకుండా ఆస్పిరిన్ కూడా ఇవ్వవద్దు, ఎందుకంటే కొందరిలో పక్షవాతం రక్తస్రావం వల్ల వస్తుంది.

ప్రశ్న: మా బాబాయి గారికి కోవిషీల్డ్ టీకా వేయించుకున్న కొన్ని వారాలకు రెండు కాళ్లూ పడిపోయాయి. గిల్లాన్ బారీ అన్నారు. తరువాత కోలుకున్నారు. 2025లో పుణేలో కూడా ఇదే జబ్బు వ్యాపించింది గదా. టీకా ప్రమాదమా, కోవిడ్ ప్రమాదమా?
— ఒక డిగ్రీ విద్యార్థి, రావులపాలెం

జవాబు: గిల్లాన్ బారీ జబ్బును ఫ్రెంచి వైద్యులు 1916లో వర్ణించారు. ఏదో ఒక క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసిన రక్షణ కణాలు, యాంటీబాడీలు పొరబడి సొంత నరాల మీద పడడం దీనికి మూలం. అలా తయారు కావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, జ్వరమో విరేచనాలో తగ్గిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో ఇది వస్తుంది. పాదాల్లో మొదలై రెండు పక్కలా పైకి ఎగబాకుతుంది. ఛాతీ కండరాలకు చేరితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పుణేలో 2025 జనవరిలో వచ్చినది కోవిడ్ వల్ల కాదు. కలుషితమైన నీటి ద్వారా వచ్చే కాంపైలోబాక్టర్ అనే విరేచనాల సూక్ష్మజీవి అందులో బయటపడింది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు నీరే తాగే మన గ్రామాలవారు దానిని గుర్తుపెట్టుకొని నీళ్లు కాచుకోవడం మంచిది.

టీకా విషయంలో దాపరికం అక్కరలేదు. కోవిషీల్డ్ తరహా టీకా తరువాత ఈ జబ్బు అత్యంత అరుదుగా వస్తుందని వైద్యలోకం అంగీకరించింది. ఇంగ్లండు లెక్కల ప్రకారం ఆ టీకా వేయించుకున్న ప్రతి కోటి మందిలో మామూలుగా వచ్చే వాటి కంటె అదనంగా 38 కేసులు కనబడ్డాయి. కోవిడ్ సోకినట్లు తేలిన ప్రతి కోటి మందిలో అదనంగా 145 కనబడ్డాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకొని చూడండి. మీ బాబాయి గారు మాత్రం తదుపరి ఏ టీకాకైనా ముందు తమ పాత జబ్బు సంగతి చెప్పాలి.

ఈ జబ్బుకు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల) ఇంజెక్షన్లు గాని, ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం) గాని పనిచేస్తాయి. మొదటి రెండు వారాల్లో ఇస్తే మేలు ఎక్కువ. స్టెరాయిడ్లు దీనికి పనిచేయవు. ఈ ముక్క చాలా ఊళ్లలో ఇంకా తెలియలేదు. ఖర్చు ఎక్కువ గనుక, ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను ముందే అడగండి.

ప్రశ్న: 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. అది కోవిడ్ నరాలకు ఎక్కడం వల్లనే అని ఇప్పటికీ మా వీధిలో అంటారు.
— ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: కాదు. ఐదు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరిన ఆ ఘటనలో కోవిడ్ పరీక్షలు నెగెటివ్ వచ్చాయి. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించింది. పురుగుమందుల అవశేషాల మీద కూడా నిపుణుల అనుమానం వెళ్లింది. నిమిషాల్లో ఫిట్స్ వచ్చి, గంటల్లో తేరుకొని ఇళ్లకు వెళ్లిపోవడం, అది కూడా ఒకే పట్టణంలో కొద్ది రోజుల్లో అంతమందికి జరగడం విషప్రభావపు తీరు, అంటువ్యాధి తీరు కాదు.

ప్రశ్న: మా వారు అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. కాగితం లేకుండా ఎన్ని వేల కాయల లెక్కయినా నోటితో చెప్పేవారు. 2022 జనవరిలో కోవిడ్ మామూలుగానే వచ్చి తగ్గింది. అప్పటి నుంచి లెక్క తప్పుతోంది, మాట మధ్యలో పేరు గుర్తుకు రాదు. ఒక పూట బజారులో తిరిగితే మరునాడు మంచం దిగలేరు. పరీక్షలన్నీ బాగున్నాయి, మనసులోదే అంటున్నారు. మా అత్తగారు దిష్టి తీయిస్తున్నారు.
— ఒక గృహిణి, అంబాజీపేట

జవాబు: అమ్మా, మనసులోదే అన్న మాటతో నేను ఏకీభవించను. మీ వారు దిగాలుగా ఉండవచ్చు, ఈ పరిస్థితిలో ఎవరైనా అలాగే ఉంటారు. కాని దిగులు ఒక్కటే ఉన్నవారికి, శ్రమ చేసిన మరునాడు ఈ విధంగా కుప్పకూలడం సాధారణంగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కోవిడ్ వచ్చిన మూడు నెలల నాటికి ఉంటూ, కనీసం రెండు నెలలు కొనసాగే, వేరే జబ్బుతో వివరించలేని లక్షణాలను దీర్ఘకాలిక కోవిడ్ అంటారు. ఆయాసం, అలసట, ఆలోచన మందగించడం అందులో ముఖ్యమైనవి. స్వల్పంగా వచ్చి తగ్గినవారిలో కూడా ఇది కనబడుతోంది. లక్షా 12 వేల మందికి పైగా పాల్గొన్న ఇంగ్లండు పరీక్షల ఫలితాలను 2024లో ప్రకటించినప్పుడు, కోవిడ్ నుంచి కోలుకున్నవారిలో సైతం జ్ఞాపకం, తర్కం స్వల్పంగా తగ్గినట్లు, లక్షణాలు కొనసాగుతున్నవారిలో ఆ తగ్గుదల మరికొంత ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

దీనికి కారణాలుగా శాస్త్రవేత్తలు చూపుతున్నవి ఒకటి కంటె ఎక్కువ. మెదడులోని కాపలా కణాలు జ్వరం తగ్గాక కూడా రెచ్చిపోయి ఉండడం, చిన్న రక్తనాళాల గోడలు కారడం, శరీరంలో వైరస్ తునకలు మిగిలిపోవడం అన్నవి వాటిలో కొన్ని. మామూలు స్కాన్‌లో ఇవి కనబడవు. అందుచేత స్కాన్ బాగుందంటే జబ్బు లేదని అర్థం కాదు.

నిర్వచనంలోని చివరి షరతు, అంటే వేరే జబ్బుతో వివరించలేనిది అన్న మాట, చాలా ముఖ్యం. థైరాయిడ్, రక్తహీనత, బి12, షుగరు పరీక్షలు చేశారో లేదో చూడండి. ఆయన గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లు ఉలిక్కిపడుతుంటే నిద్ర పరీక్ష కావాలి. పడుకుని లేచి నిలుచున్నప్పుడు పది నిమిషాల్లో గుండె వేగం అంతకుముందు ఉన్నదాని కంటె నిమిషానికి 30కి మించి పెరిగి కళ్లు తిరుగుతుంటే, గుండె లయను అదుపుచేసే స్వయంచాలక నరాలు దెబ్బతిని ఉండవచ్చు. దానికి ప్రత్యేకమైన చికిత్స ఉంది. ఇవి కొద్దిపాటి ఖర్చుతో ఈ జిల్లాల్లోనే తేలే విషయాలు.

ఆలోచన మందగింపుకు రుజువైన మందు నేటికీ లేదు. జ్ఞాపకశక్తి పెంచే టానిక్కులకు డబ్బు తగలేయవద్దు. పనికివచ్చేది శక్తిని పొదుపుగా వాడుకోవడం. ఆయన ఏ మేరకు తిరిగితే మరునాడు పడిపోతున్నారో మీరే కొన్నాళ్లు గమనించి, ఆ మేరకు ముందే ఆపి కూర్చోబెట్టండి. వ్యాయామం పెంచితే బాగుపడతారని బలవంతం చేసినందువల్ల ఇటువంటి రోగులు మరింత దిగజారిన సందర్భాలు చాలా ఉన్నాయి. ముఖ్యమైన లెక్కలు ఉదయం, ఒక్కటొక్కటిగా, పుస్తకంలో రాసి చూడమనండి; నోటి లెక్క మానడం ఆయనకు నామోషీగా ఉంటుంది, కాని బేరంలో నష్టపోవడం కంటె అది నయం. ఎక్కువమందిలో నెలలు గడిచేకొద్దీ మెరుగుదల కనబడుతుంది. మీ వారిలాగా ఏళ్లు గడిచినవారు నరాల వైద్యుని పర్యవేక్షణలో ఉండడం అవసరం. దిష్టి తీయించడం వల్ల నష్టమేమీ లేదు, అత్తగారిని నొప్పించకండి. ఉపవాసాలు మాత్రం పెట్టనివ్వకండి.

ప్రశ్న: కోవిడ్ వచ్చినవారందరూ ముందుజాగ్రత్తగా మెదడు ఎమ్మారై చేయించుకోవాలా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కరలేదు. ఏ లక్షణమూ లేనివారికి తీస్తే, వయసుతో వచ్చే చిన్న చిన్న మచ్చలు కనబడి అనవసరపు భయమే మిగులుతుంది. ఫిట్స్ వచ్చినా, ఒక పక్క బలం తగ్గినా, మనిషి తికమకపడుతున్నా, మూర్ఛపోయినా స్కాన్ తప్పనిసరి. కోవిడ్ తగ్గిన తొలి వారాల్లో ముందెన్నడూ లేనంత తలనొప్పి వచ్చి, పడుకుంటే ఎక్కువవుతూ, వాంతులు, కంటిచూపు మసకలు కూడా ఉంటే, మెదడు నుంచి రక్తాన్ని తిరిగి తీసుకెళ్లే సిరల్లో గడ్డ కట్టి ఉండవచ్చు. అటువంటప్పుడు సిరలు కూడా కనబడేలా స్కాన్ తీయమని ప్రత్యేకంగా అడిగి, అదే రోజున తీయించండి.